అబ్బా, మీ ఫోల్డర్ నేను చూశా



మాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. ఊరి పేరులో ఖాన్ సాబ్ ఉన్నాడు, ఊరిని నలుగురికీ తెలిసేలా చేసింది దుర్గా భవానీ గుడి. నేను పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేస్తా. వారం ఏ షిఫ్టు, వారం బీ, వారం సీ. సీ షిఫ్టు అంటే రాత్రి డ్యూటీ. ఇల్లు నిద్రపోయే టైముకి నేను కంపెనీ బస్సెక్కుతా, ఇల్లు లేచే టైముకి వచ్చి పడుకుంటా.

మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. 2020లో వచ్చింది. ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకు టీ-శాట్‌లోనూ దూరదర్శన్ యాదగిరిలోనూ పాఠాలు మొదలయ్యాయి. మా పిల్లలది ప్రైవేటు బడి. వాళ్లకు పొద్దున్నే ఆన్‌లైన్ క్లాసు. నా ఫోను నాతోపాటు డ్యూటీకి వస్తుంది, బేగం దగ్గర ఉన్నది బటన్ ఫోను. ఇక తప్పక సంగారెడ్డిలో ఒక దుకాణంలో సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నా. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద పెట్టాం. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇలాగే వచ్చి ఉంటుంది.

పిల్లల కోసం వచ్చిందే గానీ, మెల్లగా అది ఇంటి సందూక్ అయిపోయింది. ఆధార్ కాపీలు, జీతం స్లిప్పులు, బ్యాంకు కర్జా కాగితాలు, ప్లాటు పత్రాలు, శుభకార్యాల ఫోటోలు అన్నీ అందులోకే చేరాయి. మా ఆపా ఖులా తీసుకున్నప్పుడు ఆ కాగితాలన్నీ స్కాన్ చేయించి నా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, "తమ్ముడూ, ఇవి నీ దగ్గరే ఉండనీ, మా ఇంట్లో ఎవరి కంటా పడొద్దు" అంది. అవీ అందులోనే వేశా.

అప్పుడు ఫికర్ మొదలైంది. కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునేది పిల్లలు. వాళ్ల కంటపడితే?

నేను చేసిన ఇంతజాం వింటే మీకు నవ్వొస్తుంది. డీ డ్రైవ్‌లో 'ఓల్డ్ డ్రైవర్స్' అని ఒక ఫోల్డర్ పెట్టా. పిల్లలెవరికీ అందులో ఏముందో చూడాలనిపించని పేరు కదా. దాని మీద మౌసు కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, 'హిడెన్' అన్న గడిలో టిక్కు పెట్టా. ఫోల్డర్ మాయమైంది. ఆ రోజు రాత్రి సుకూన్‌గా పడుకున్నా.

మా అబ్బా ఇంతకన్నా తెలివైనవాడని ఇప్పుడనిపిస్తుంది. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. తాళం లేని అల్మారీలో, అందరికీ కనబడేలా ఉండేది. మేం ఎన్నోసార్లు తెరిచి చూశాం కూడా. అంతా ఉర్దూలో ఉండేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లమే గానీ, చదివింది తెలుగు మీడియం. మాకు ఆ లిపి రాదు. అబ్బా ఇంతెకాల్ అయ్యాక మౌలానా సాబ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చదివి వినిపించారు. ఎవరి దగ్గర ఎంత కర్జా తెచ్చాడో, ఎంత తీర్చాడో పైసాతో సహా రాసుకున్నాడు. రమ్‌జాన్ నెల కిందే నాలుగైదు పద్దులున్నాయి. మేం ఈద్‌కి కొత్త బట్టలు బాగాలేవని ఏడ్చిన ఏడాదిది కూడా అందులో ఉంది. ఆ సంగతి కాస్త ముందే తెలిసుంటే ఏడ్చేవాళ్లం కాదు కదా అనుకున్నా ఆ రోజు. అనుకుని మరచిపోయా.

మూడేళ్ల కిందట బేగంకి రొమ్ములో గడ్డ తగిలింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు నా వాట్సాప్‌కి వచ్చింది. నేను కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి దాన్ని డౌన్‌లోడ్ చేసి, 'ఓల్డ్ డ్రైవర్స్'లోకి కాపీ చేశా. అందులో 'కార్సినోమా' అన్న మాట ఉంది.

పెద్దోడు అప్పుడు ఎనిమిదో తరగతి. చిన్నది మూడో తరగతి. ఇద్దరికీ పరీక్షలు దగ్గర పడ్డాయి. బేగమూ నేనూ మాట్లాడుకున్నాం. పరీక్షలయ్యే వరకు పిల్లలకు చెప్పొద్దు, అమ్మీకి గ్యాస్ ట్రబుల్ అని చెబుదాం, ఆపరేషన్ టైముకి చూసుకుందాం అనుకున్నాం. మాసూమ్ దిల్‌ల మీద ఈ బరువు ఎందుకు?

ఆ తర్వాత ఇంట్లో ఒక వింత మొదలైంది. పెద్దోడు తన పళ్లెం తనే కడుక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత అందరి పళ్లాలూ కడిగాడు. చెల్లెలికి జడ వేయడం నేర్చుకున్నాడు. క్రికెట్ కిట్ కావాలని ఆర్నెల్ల నుంచి ప్రాణం తీసేవాడు, ఆ మాటే ఎత్తడం మానేశాడు. ఫజర్‌కి లేపకుండానే లేచేవాడు. బేగం మురిసిపోయింది. "చూశారా, మనవాడికి అకల్ వచ్చింది" అంది. నేనూ అలాగే అనుకుని షుకర్ చేసుకున్నా.

తర్వాతి వారం నాకు ఏ షిఫ్టు. ఒక సాయంత్రం కర్జా వాయిదా తేదీ చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నా. ఫోల్డర్ల కిటికీ తెరవగానే కింద ఈమధ్య తెరిచిన ఫైళ్ల వరస కనిపిస్తుంది కదా. అందులో మొదటిది బేగం రిపోర్టు. పక్కన తేదీ, టైము. ఆ రాత్రి నేను సీ షిఫ్టులో ఉన్నా. ఇంట్లో ఉన్నది బేగం, పిల్లలు. బేగంకి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు.

చేతులు చల్లబడ్డాయి. బ్రౌజర్ హిస్టరీ తెరిచా. అదే రాత్రి, రిపోర్టు తెరిచిన కాసేపటికే, తెలుగులో వెతికి ఉంది: కార్సినోమా అంటే ఏమిటి. దాని పైన ఇంకోటి: కార్సినోమా వస్తే ఎన్నేళ్లు బతుకుతారు. మరుసటి రాత్రీ అదే. ఆ మరుసటి రాత్రీ అదే. వెనక్కి వెనక్కి పోయి లెక్కపెట్టా. పందొమ్మిది రోజులు.

మేం వాడి దిల్ మీద బరువు పడకూడదనుకున్నాం. వాడు పందొమ్మిది రోజులు ఆ బరువు ఒక్కడే మోశాడు. మాకు తెలిస్తే మేం బాధపడతామని మా దగ్గర దాచాడు.

ఇషా తర్వాత వాణ్ణి మిద్దె మీదికి తీసుకెళ్లా. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వాడే అన్నాడు: "అబ్బా, మీ ఫోల్డర్ నేను చూశా. మాఫ్ చేయండి."

"ఎలా దొరికింది బేటా?"

వాడు చెప్పింది విని నాకు సిగ్గేసింది. వాడు మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ఆడతాడు. ఆ ఆటలో కొత్త సామాను చేర్చాలంటే ఆప్‌డేటా అనే ఫోల్డర్‌లోకి పోవాలట. దాన్ని విండోసే స్వయంగా దాచి ఉంచుతుంది. అందుకని పిల్లలందరూ మొట్టమొదట నేర్చుకునేదే 'వ్యూ'లోకి పోయి 'హిడెన్ ఐటమ్స్' అన్నచోట టిక్కు పెట్టడం. అది పెట్టగానే దాచినవన్నీ కాస్త వెలిసిన రంగులో కనిపిస్తాయి. డీ డ్రైవ్‌లో నా 'ఓల్డ్ డ్రైవర్స్' ఒక్కటే వెలిసిన రంగులో ఉంది. అంటే నేను టిక్కు పెట్టి దాచానని అనుకున్నది, ఇందులో ఏదో రాజ్ ఉంది చూడమని బోర్డు పెట్టినట్టయింది. అది దొరక్కపోయినా లాభం లేదు. వాట్సాప్ నుంచి దించిన అసలు ఫైలు డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంది. నేను కాపీని దాచా, అసలును గుమ్మంలో వదిలేశా.

"చూసినప్పుడు నాకెందుకు చెప్పలేదు?" అన్నా.

"మీరు నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు వాడు. కోపంగా కాదు, మెల్లగా. "మీరు దాచారంటే అమ్మీ చచ్చిపోతుందని అనుకున్నా. మంచిదైతే దాచరు కదా."

ఈ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. డాక్టరు మాతో చెప్పింది వేరు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే దొరికింది, ఆపరేషనూ మందులూ ఉన్నాయి, ధైర్యంగా ఉండండి అన్నాడు. ఆ మాట మా దగ్గర ఉంది. వాడి దగ్గర ఉన్నది ఒక ఇంగ్లీషు మాట, దాని మీద ఇంటర్నెట్ చెప్పిన వెయ్యి మాటలు. మేం జబ్బును దాచాలనుకుని భరోసాను దాచాం.

వాడికి అన్నీ చెప్పా. వాడు నా భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. కిందికి దిగాక అమ్మీ పక్కన కూర్చుని, "గ్యాస్ ట్రబుల్ తగ్గిందా అమ్మీ?" అన్నాడు. ఆమె నా మొహం చూసింది. అర్థమైంది. ఆ రాత్రి ముగ్గురం ఏడ్చాం, తర్వాత నవ్వాం కూడా. చిన్నదానికి ఆపరేషన్‌కి ముందు దాని వయసుకి తగ్గట్టు చెప్పాం. అమ్మీకి గడ్డ ఉంది, తీసేస్తారు, కొన్నాళ్లు జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది అని. అది అడిగిన ప్రశ్న ఒక్కటే: "మరి నాకు జడ ఎవరు వేస్తారు?" పెద్దోడు చెయ్యెత్తాడు.

అల్‌హందులిల్లాహ్, బేగం ఇప్పుడు బాగుంది. చెకప్‌లకు పోయి వస్తున్నాం.

ఆ తర్వాత ఒక శుక్రవారం కూర్చుని ఆలోచించా. సూరె నూర్‌లో 58వ ఆయత్ మనందరికీ తెలిసిందే. ఇంకా యుక్తవయసు రాని పిల్లలు కూడా మూడు వేళల్లో పెద్దల గదిలోకి ఇజాజత్ అడిగి రావాలని అల్లాహ్ నేర్పాడు. ఫజర్‌కి ముందు, మధ్యాహ్నం బట్టలు తీసి విశ్రాంతి తీసుకునే వేళ, ఇషా తర్వాత. తర్వాతి ఆయత్‌లో, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎప్పుడైనా అడిగే రావాలని ఉంది. నాకు అందులో కొత్తగా కనిపించింది ఒకటే. తలుపు ఎంత గట్టిగా బిగించాలో చెప్పి ఊరుకోలేదు, పిల్లలకు అడగడం నేర్పమన్నాడు. అంటే ఇక్కడొక గది ఉందని పిల్లలకు తెలియాలి. అది అమ్మీ అబ్బాలదని తెలియాలి. నేను గదే లేనట్టు నటించా. లేని గదికి పిల్లవాడు ఇజాజత్ ఎలా అడుగుతాడు?

ఈ మాట పెద్దోడితో అంటే వాడు ఊరుకోలేదు. "మరి మీరు నా హిస్టరీ చూశారు కదా అబ్బా, ఇజాజత్ అడిగారా?" అన్నాడు. నిజమే. సూరె హుజురాత్‌లో తజస్సుస్ వద్దని ఉంది. అక్కడ పిల్లలూ పెద్దలూ అని వేరు చేయలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఏకాంతం మనిషి ప్రాథమిక హక్కు అన్నారు. పద్నాలుగేళ్ల వాడికి ఎంత హక్కు, తండ్రికి ఎంత జిమ్మేదారి అన్నది మాత్రం ప్రతి ఇల్లూ తనే తేల్చుకోవాలి. మేం తేల్చుకున్నది ఇది: వాడు చూసేవాటి మీద నా నిగా ఉంటుంది, కానీ దొంగచాటుగా ఉండదు. వారానికోసారి వాడి పక్కన కూర్చుని చూస్తా.

తర్వాత 'ఓల్డ్ డ్రైవర్స్' ఫోల్డర్ తెరిచి అందులో ఉన్నవన్నీ మూడు కుప్పలు చేశా.

మొదటిది, భయంతో దాచినవి. రిపోర్టులు, కర్జా కాగితాలు, నా జీతం. వీటి గురించి పిల్లలకు ఎంత చెప్పాలో అంత చెప్పేశాం. నెలకు వాయిదా ఎంత కడుతున్నామో పెద్దోడికి తెలుసు. కాగితాలు వాళ్లకు చూపించక్కర్లేదు, సంగతి తెలిస్తే చాలు. సంగతి తెలిసిన పిల్లవాడు కాగితం వెతకడు.

రెండోది, మనవి కానివి. ఆపా ఖులా కాగితాలు. అవి నా రాజ్ కాదు, ఆమె అమానత్. మేనమామ ఇంట్లో పిల్లలు చదివి, రేపు ఈద్‌కి ఆమె పిల్లల ముందు నోరు జారితే? వీటికి మాత్రం నిజమైన తాలా కావాలి. మూడోదాని సంగతి తర్వాత చెబుతా.

నిజమైన తాలా అంటే ఏమిటో మా ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే అబ్బాయిని అడిగి నేర్చుకున్నా. మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ అకౌంటు పెట్టండి, దేని పాస్‌వర్డు దానికి. పిల్లలది 'స్టాండర్డ్' అకౌంటు కావాలి, 'అడ్మినిస్ట్రేటర్' కాదు. అడ్మినిస్ట్రేటర్ అయితే వేరేవాళ్ల ఫోల్డర్ తెరిచినప్పుడు అడిగే ప్రశ్నకి 'కంటిన్యూ' నొక్కి లోపలికి పోవచ్చు. మీ కాగితాలు మీ అకౌంటులోని డాక్యుమెంట్స్‌లోనే పెట్టుకోండి. నాలాగా డీ డ్రైవ్‌లో పెడితే అది మామూలుగా అందరికీ తెరుచుకునే వరండా.

ఫైలు పేరు మార్చడం, చివరి మూడక్షరాలు మార్చడం, హిడెన్ టిక్కు పెట్టడం ఇవన్నీ పర్దా లాంటివి, తలుపు కాదు. జిప్ చేసి పాస్‌వర్డు పెడితే ఫైలు తెరుచుకోదు గానీ లోపలున్న ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. పేరు చూస్తేనే సంగతి తెలిసిపోయేవి ఉంటాయి కదా. సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాములో సెవెన్‌జెడ్ రకం ఎంచుకుంటే, పేర్లు కూడా దాచే గడి ఒకటి ఉంటుంది. అది టిక్కు పెట్టండి. పెద్ద మొత్తంలో ఉంటే వెరాక్రిప్ట్ అని ఇంకో ఉచిత ప్రోగ్రాము ఉంది. అది పాస్‌వర్డుతో మాత్రమే తెరుచుకునే ఒక పెట్టె తయారుచేస్తుంది.

పెట్టెలో పెట్టాక అసలు కాపీ డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో, వాట్సాప్‌లో మిగిలిందేమో చూడండి. కంప్యూటర్‌లో తెరిచిన వాట్సాప్‌ను పని కాగానే లాగౌట్ చేయండి.

ఇంకో మాట. ఈ పెట్టెలకు మారు చాబీ ఉండదు. పాస్‌వర్డు మరిస్తే కాగితాలు పోయినట్టే. నేను ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి బేగంకి ఇచ్చా. ఆమె దాన్ని తన నికాహ్‌నామాతో పాటు బీరువాలో పెట్టుకుంది. రాత్రి డ్యూటీ మనిషిని, మందుల ఫ్యాక్టరీ మనిషిని. నేను లేకపోయినా ఆపా అమానత్ ఆపాకి చేరాలి. అబ్బా నోటుబుక్కులా ఎవరో చదివి చెప్పే దాకా ఆగకూడదు.

మూడో కుప్ప, అసలు ఉంచుకోకూడనివి. ఇది తర్వాత అర్థమైంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా పోయారు. అది మా ఫ్యాక్టరీ కాదు, కానీ మాదీ అదే పని. ఆ సాయంత్రం నా ఫోను నిండా గ్రూపుల్లో వచ్చిన ఫోటోలు, వీడియోలు. నేను ఏదీ దించలేదు. ఫోను తనంతట తనే దించుకుంది, అక్కణ్ణుంచి గూగుల్ ఫోటోస్‌లోకి పోయాయి, అది మా కంప్యూటర్‌లో తెరిచే ఉంది. చిన్నది శుభకార్యం ఫోటో వెతుకుతూ వాటి దగ్గరికి వచ్చింది. అదృష్టం, పెద్దోడు పక్కనే ఉండి తెర ఆపేశాడు. నాకు ఫోన్ చేసి, "అబ్బా, ఇవి దాచాలా, తీసేయాలా?" అన్నాడు.

తీసేయమన్నా. అవి ఎవరో ఒకరి అబ్బావి, బేటావి. వాళ్ల ఇంటివాళ్ల ఇజాజత్ లేకుండా మన ఇంట్లో ఉండే హక్కు వాటికి లేదు. ఆ రోజే వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేశా. చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అబ్బా పని చేసే చోట ఏం జాగ్రత్తలు తీసుకుంటారో చెప్పా. తెలిసినంత చెప్పా, లేని భరోసా ఇవ్వలేదు.

ఇప్పుడు మా కంప్యూటర్ ఆన్ చేస్తే నాలుగు పేర్లు కనిపిస్తాయి. బేగం కూడా నేర్చుకుంది. నా డాక్యుమెంట్స్‌లో ఆపా పెట్టె ఉంది. దాన్ని దాచలేదు, పేరు 'అమానత్' అనే పెట్టా. పెద్దోడు ఒకసారి నా పక్కన కూర్చుని చూసి, "ఇందులో ఏముంది అబ్బా?" అన్నాడు.

"ఒకరు దాచమని ఇచ్చినవి. నీవీ కావు, నావీ కావు."

"సరే" అన్నాడు. మళ్లీ అడగలేదు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక 'ఓల్డ్ డ్రైవర్స్' ఉండే ఉంటుంది. తాలా వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. అందులో పిల్లలు చూడకూడనివి ఎన్నో, మనం చెప్పలేక దాచినవి ఎన్నో.

దువాలో యాద్ పెట్టుకోండి, మా బేగంని ముఖ్యంగా.